రోగి చిరునామా ఎవరి దగ్గరుంది?

(ఢిల్లీలోని బేర్ సరాయ్‌లో తెలుగు విద్యార్థులు నడుపుకుంటున్న చదువు కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ గదికి వచ్చేటప్పుడు మీరంతా కింద జిరాక్స్ షాపు పక్క నుంచి, ఒకరు దిగితే గానీ మరొకరు ఎక్కలేని మెట్ల మీదుగా వచ్చారు. రెండో అంతస్తు మలుపులో మూత లేని నీళ్ల డ్రమ్ము ఒకటి ఉంది. చూశారో లేదో. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తల్లో చూడలేదు. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందు డ్రమ్ములూ కూలర్లే చూస్తాను. ఎందుకో చెప్పి విషయంలోకి వస్తాను.

వైద్య ఆరోగ్య శాఖ, మునిసిపాలిటీ కలిసి పనిచేస్తేనే ప్రజారోగ్యం బాగుపడుతుందని ప్రతి కమిటీ రాస్తుంది, ప్రతి సెమినార్లో ఎవరో ఒకరు చెబుతారు. అందులో తప్పేమీ లేదు. కానీ అవి ఎందుకు విడిపోయి ఉన్నాయి, కలిసినప్పుడు ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటున్నారు అన్న ప్రశ్నలు మాత్రం చాలా తక్కువ మంది అడుగుతారు. ఈ రోజు నేను మాట్లాడేది వాటి గురించే.

కొన్నేళ్ల కిందట ఒక అక్టోబరులో నా గదిలో ఉండే చెల్లెలికి డెంగీ వచ్చింది. సొంత చెల్లెలు కాదు, ప్రకాశం జిల్లా నుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి. ఢిల్లీలో మనకి అందరూ అక్కలూ చెల్లెళ్లే కదా. ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. కౌంటర్లో ఆధార్ కార్డు అడిగారు, ఇచ్చాం. ఓపీ చీటీ మీద ఆ కార్డులో ఉన్న చిరునామాయే ఎక్కింది. ప్రకాశం జిల్లా, ఫలానా మండలం, ఎస్సీ కాలనీ. ఆ అమ్మాయి కోలుకుంది. పదిహేను రోజులు తిరక్కుండానే అదే మెట్ల మీద ఉండే మరో ఇద్దరు జ్వరంతో పడిపోయారు. మా భవనానికి ఎవరూ రాలేదు, డ్రమ్ములు చూడలేదు.

తర్వాత ఈ విషయాన్నే చదవడం మొదలుపెట్టాక అర్థమైంది. ఢిల్లీలో డెంగీ తేలితే ఆసుపత్రి ఆ రోగి వివరాలు కార్పొరేషన్‌కి పంపాలి. కార్పొరేషన్ దోమల నివారణ సిబ్బంది ఆ ఇంటికీ చుట్టుపక్కల ఇళ్లకూ వెళ్లి, నిలవ నీళ్లు ఎక్కడున్నాయో వెతికి పారబోయాలి. పద్ధతి మంచిదే. రెండు వ్యవస్థల భాగస్వామ్యం అంటే అదే. కానీ మా చెల్లెలి చీటీ మీద ఉన్నది ప్రకాశం జిల్లా చిరునామా. అంటే కాగితం లెక్కన ఆమెను కుట్టిన దోమ బేర్ సరాయ్‌లో లేదు, ఎక్కడో ప్రకాశం జిల్లాలో ఉంది. కార్పొరేషన్ లెక్కల్లో ఇలాంటివన్నీ 'ఇతర రాష్ట్రాల కేసులు', 'చిరునామా దొరకని కేసులు' అన్న గడుల్లోకి పోతాయి.

ఇక్కడ అద్దెకుండే మనలో ఎంతమందికి అద్దె ఒప్పందం కాగితం ఉంది? ఇది లాల్ డోరా లోపలి ఊరు. పాత రోజుల్లో రెవెన్యూ పటం మీద ఎర్ర గీత గీసి, దాని లోపలిదంతా గ్రామ ఆబాదీ అన్నారు. ఆ గీత లోపల ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని పైపైకి లేచాయి. ఇంటి యజమాని కాగితం ఇవ్వడు, కాగితం లేనిదే చిరునామా మారదు, చిరునామా మారనిదే దోమల మనిషి రాడు. అద్దెకుండే విద్యార్థి, బీహార్ నుంచి వచ్చిన వంటమనిషి, రోజు కూలీ, అందరూ ఆసుపత్రి పుస్తకంలో ఉంటారు, మునిసిపాలిటీ పుస్తకంలో ఉండరు.

ఇప్పుడు ఈ సందు నుంచే లెక్కపెడదాం. కుళాయిలో వచ్చే నీళ్లు ఢిల్లీ జల్ బోర్డువి. చెత్త, చిన్న మురుగు కాలవలు, దోమలు కార్పొరేషన్‌వి. పెద్ద రోడ్ల పక్క కాలవలు పీడబ్ల్యూడీవి. చుట్టూ ఉన్న భూమిలో చాలా భాగం డీడీఏది, అంటే కేంద్రానిది. దగ్గర్లోని ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ కేంద్ర ప్రభుత్వానివి. డిస్పెన్సరీలు ఢిల్లీ ప్రభుత్వానివి, 2015లో మొదలైన మొహల్లా క్లినిక్కులూ ఢిల్లీ ప్రభుత్వం పెట్టినవే. కార్పొరేషన్‌కి హిందూరావు లాంటి సొంత ఆసుపత్రులు వేరే ఉన్నాయి. ఆ కార్పొరేషన్‌ని 2012లో మూడు ముక్కలు చేశారు, 2022లో మళ్లీ ఒకటి చేశారు. దోమకి ఈ హద్దులేవీ తెలియవు. 1996లో ఢిల్లీలో 10,252 డెంగీ కేసులు, 423 మరణాలు నమోదయ్యాయి. 2015లో 15,867 కేసులు, 60 మరణాలు. ఇలాంటి ప్రతిసారీ ఒక సంస్థ మరో సంస్థ వైపు వేలు చూపించడం మనం టీవీల్లో చూసిందే.

ఇది పరిపాలనా లోపమే అయితే ఒక జీవో తెచ్చి సరిచేయొచ్చు. నాకు మాత్రం దీని వెనక ఇంకో పాత గీత కనిపిస్తుంది. శరీరాన్ని ముట్టుకునే పని ఒక శాఖది, మురికిని ముట్టుకునే పని మరో శాఖది. మొదటిదాన్ని వైద్యం అన్నాం, దానికి తెల్లకోటు ఇచ్చాం. రెండోదాన్ని పారిశుద్ధ్యం అన్నాం, దానికి చీపురు ఇచ్చాం. తెల్లకోటు ఎవరి ఒంటి మీద ఉంది, చీపురు ఎవరి చేతిలో ఉంది అన్నది ఈ దేశంలో యాదృచ్ఛికం కాదు. మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పనిచేసేవాళ్ల లెక్క తీసినప్పుడు, కేంద్రం 2024 నాటికి నమోదు చేసిన సుమారు 38,000 మందిలో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీలే. ఎస్సీలే మూడింట రెండు వంతులు దాటారు.

కులం అంటే పని విభజన మాత్రమే కాదు, పనిచేసే మనుషుల విభజన అని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పారు. ఆ మాటని తీసుకెళ్లి మన ప్రభుత్వ శాఖల మీద పెట్టి చూడండి. డాక్టరూ పారిశుద్ధ్య కార్మికురాలూ ఒకే కలరాతో పోరాడుతున్నారు. కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోటు మనం కట్టలేదు. జబ్బు గురించి తెలిసినవాడికి కాలవ గురించి తెలియదు. కాలవ గురించి తెలిసిన మనిషిని ఎవరూ అడగరు.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. మా అమ్మ కోస్తాలో ఒక పట్టణంలో మునిసిపాలిటీ వీధులు ఊడ్చేది. తెల్లారి నాలుగున్నరకి మస్టర్ వేయించుకోవాలి. ఒక ఎండాకాలం, తన బీటులో ఒక సందు చివర కుళాయి గుంటలోకి సైడు కాలవ నీళ్లు పొంగుతున్నాయని గమనించింది. మేస్త్రీకి చెప్పింది. "నీ పని ఊడ్చడం, ఊడ్చుకో" అన్నాడు. రెండోసారి చెప్తే, అది నీళ్ల సెక్షన్ వాళ్ల పని, మనది కాదు అన్నాడు. వారం దాటాక ఆ సందులో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. అప్పుడు అందరూ వచ్చారు. వైద్య శిబిరం టెంటు వేశారు, ఓఆర్ఎస్ పొట్లాలు పంచారు, ట్యాంకర్లు తెప్పించారు. అమ్మ చేతికి బ్లీచింగ్ పౌడర్ బకెట్ ఇచ్చి చల్లమన్నారు, చేతికి గ్లవుజులు లేవు. ఆ టెంటుకీ అమ్మకీ మధ్య ఇరవై అడుగుల దూరం కూడా లేదు. డాక్టర్లలో ఒక్కరైనా పిలిచి, "ఈ సందు రోజూ చూసేది నువ్వే కదమ్మా, నీకేమైనా తెలుసా" అని అడగలేదు.

ఆ సందులో ఒక ముసలావిడ చనిపోయింది. అమ్మకి రోజూ మంచినీళ్లు ఇచ్చేది. తనకని వేరే పెట్టిన గ్లాసులోనే ఇచ్చేది, అది వేరే సంగతి. ఇప్పటికీ అమ్మ అంటుంది, "ఆ రోజు ఇంకాస్త గట్టిగా అరిచుంటే బావుండేదే" అని. తప్పు తనదైనట్టు మాట్లాడుతుంది. తన మాట వినడానికి ఒక కుర్చీ వేయని వ్యవస్థది తప్పు అని ఆమెకి చెప్పడానికే బహుశా నేను ఈ చదువులోకి వచ్చాను.

ఇది ఒక్క ఊరి కథ కాదు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి జనం చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. భోలక్‌పూర్ అంటే తోళ్ల పని, పాత సామాన్ల పని చేసుకునే పేద ముస్లింలు, దళితులు ఉండే బస్తీ. అక్కడ నీళ్లు జలమండలివి, వీధులు జీహెచ్ఎంసీవి, రోగులు చేరే ఫీవర్ ఆసుపత్రి వైద్య శాఖది. 2018 మార్చిలో గుంటూరులో మంచినీళ్ల పైపుల్లోకి మురుగు చేరి డయేరియా ప్రబలితే పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ ఊళ్లో కూడా ముందుగా దెబ్బతిన్నది పాత గుంటూరు వైపు పేదల పేటలే.

ఇలాంటి ప్రతి సందర్భంలో రెండు రకాల సమాచారం ముందే ఉంటుంది. ఫలానా వీధి నుంచి ఒకే రోజు ఆరుగురు విరేచనాలతో వచ్చారన్నది ఆసుపత్రి రిజిస్టరుకి తెలుసు. ఫలానా వీధిలో పైపు కాలవలో మునిగి ఉందన్నది ఊడ్చే మనిషికి తెలుసు. ఈ రెండూ ఒకే పూట ఒకే బల్ల మీదికి వస్తే ఆ వాల్వు కట్టేయొచ్చు. 1854లో లండన్‌లో జాన్ స్నో చేసింది ఇంతకంటే ఎక్కువేమీ కాదు. కలరా చావులు బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ ఉన్నాయని వీధుల లెక్కతో చూపించాడు. స్థానిక పాలకులు ఆ పంపు పిడి తీయించారు. వైద్యుడి పరిశీలన, స్థానిక సంస్థ అధికారం ఒకచోట కలిసిన పని అది.

మన దగ్గర కలిసి పనిచేయడం అసలే లేదని నేను అనడం లేదు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. కమ్యూనిటీ హాలో, వార్డు భవనమో జీహెచ్ఎంసీ చూపిస్తుంది. డాక్టర్, నర్సు, మందులు జాతీయ ఆరోగ్య మిషన్ కింద వైద్య శాఖ ఇస్తుంది. రక్త నమూనాలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి వెళ్తాయి. ఇప్పుడు నగరంలో ఇలాంటివి వందల్లో ఉన్నాయి. ఇళ్లలో పనిచేసే ఆడమనిషి ఒక పూట కూలి పోగొట్టుకోకుండా, ఆటోకి డబ్బులు పెట్టకుండా బీపీ మాత్ర తెచ్చుకోగలగడం చిన్న విషయం కాదు. ఆ విజయాన్ని తక్కువ చేయను.

కానీ ఈ భాగస్వామ్యంలో మునిసిపాలిటీ వంతు ఏమిటో గమనించండి. అది గది ఇచ్చింది. అంటే ఇల్లు అద్దెకిచ్చిన యజమాని పాత్ర. ఆ దవాఖానాలో డాక్టరు ఈ వారం మా బస్తీలో టైఫాయిడ్ ఎక్కువైందని గుర్తిస్తే, ఆ మాట జలమండలి లైన్‌మన్ దాకా, వార్డు శానిటేషన్ సిబ్బంది దాకా అదే రోజు వెళ్లి, వాళ్లు ఏం చేశారో తిరిగి ఆ డాక్టరుకి తెలిసినప్పుడే అది నిజమైన భాగస్వామ్యం. ఒక గోడ పంచుకోవడం తేలిక. సమాచారం, డబ్బు, అధికారం పంచుకోవడం కష్టం.

మన చట్టాల్లో దీనికి చోటు లేదా? ఉంది. 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం ఆంధ్ర ప్రాంతానికి వారసత్వంగా వచ్చింది. మునిసిపాలిటీకి ఆరోగ్యాధికారి ఉండాలన్నది అప్పటి ఆలోచనే. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో ఆరో అంశం ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ. మూడు లక్షలు దాటిన మునిసిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణ చెబుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి ఖర్చు పెట్టమని 70,051 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. కాగితం మీద స్థానిక సంస్థ ఆరోగ్య సంస్థే.

కాగితం గురించి అంబేద్కరైట్లకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది, ప్రజల డబ్బుతో నడిచే చెరువులు, బావులు అంటరానివారికీ తెరవాలని. మహద్ మునిసిపాలిటీ 1924లో దాన్ని ఒప్పుకుంటూ తీర్మానం చేసింది. మూడేళ్లు గడిచినా చవదార్ చెరువులో ఒక్క దళితుడు దోసిలి ముంచలేకపోయాడు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట వేలమంది నడిచాకే ఆ తీర్మానానికి ప్రాణం వచ్చింది. ఆ తర్వాత సవర్ణులు ఏం చేశారు? మైలపడిందని చెరువులో ఆవు పేడ, మూత్రం కలిపిన కుండలు కుమ్మరించి 'శుద్ధి' చేశారు. తాగే నీళ్లలో పేడ కలపడాన్ని శుద్ధి అనుకున్న సమాజంలో ప్రజారోగ్యం పైపుల సమస్య మాత్రమే ఎలా అవుతుంది? అదే ఏడాది ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. హైకోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. మహద్‌ని మనం ఆత్మగౌరవ పోరాటంగా చదువుతాం, సరైనదే. ఒక స్థానిక సంస్థ ప్రజారోగ్య బాధ్యతని కులం ఎలా అడ్డుకుందో చెప్పే పాఠంగా కూడా చదవాలి.

అందుకే 'అధికారాన్ని కిందికి పంపితే చాలు' అనే మాటని నేను నమ్మను. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామాన్ని కీర్తించడాన్ని నిరాకరించారు, గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమన్నారు. కింద ఉన్నది ప్రజాస్వామ్యమా, పెత్తందారీతనమా అన్నది అక్కడ ఎవరు కూర్చున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. 243టీ అధికరణ కింద మునిసిపాలిటీల్లో ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి సీట్లు వచ్చింది అందుకే. కానీ కౌన్సిల్లో వచ్చిన సీటు ఆరోగ్య కమిటీలోకి ఇంకా రాలేదు.

వేరే దారులు ఉన్నాయి. బ్రెజిల్ 1990లో చట్టం చేసి, ప్రతి మునిసిపాలిటీలో ఆరోగ్య మండలి పెట్టింది. అందులో సగం సీట్లు వైద్యం పొందే ప్రజలవి. కేరళ తొంభైల్లోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పంచాయతీల కిందికి తెచ్చింది. ఇంగ్లండ్‌లో 2013 ఏప్రిల్ నుంచి ప్రజారోగ్య బాధ్యత స్థానిక కౌన్సిళ్లకి వెళ్లింది, కానీ తర్వాతి ఏళ్లలో నిధుల విలువ తగ్గుతూ వచ్చింది. బాధ్యత ఇచ్చి డబ్బు ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా అక్కడ చూడొచ్చు.

మరి మనం ఏం అడగాలి? మొదటిది, ఆసుపత్రి చీటీ మీద రెండు చిరునామాలు ఉండాలి. ఆధార్‌లో ఉన్నది ఒకటి, నిన్న రాత్రి పడుకున్నది ఒకటి. కాగితం అడగకుండా రోగి చెప్పింది రాసుకోవాలి. దీనికి కోట్లు అక్కర్లేదు, ఒక గీత చాలు. రెండోది, వార్డు స్థాయిలో వారానికొకసారి డాక్టరు, ఏఎన్ఎం, ఆశా, నీళ్ల లైన్‌మన్, దోమల సిబ్బంది, పారిశుద్ధ్య కార్మికులు, బస్తీ మహిళలు ఒకే చోట కూర్చోవాలి. ఊడ్చే మనిషి గుమ్మం దగ్గర నిలబడటం కాదు, కుర్చీలో కూర్చోవాలి. ఆమె చెప్పింది మినిట్స్‌లో రాయాలి, దాని మీద ఏం చేశారో వచ్చే వారం చెప్పాలి. మూడోది, ఆమె ఉద్యోగం పర్మనెంట్ కావాలి. రేపు కాంట్రాక్టర్ తీసేస్తాడని భయపడే మనిషి ఇన్‌స్పెక్టర్ ముందు పైపు పగిలిందని గట్టిగా చెప్పలేదు. ఢిల్లీలో ఇంటింటికీ తిరిగి దోమల లార్వా వెతికే సిబ్బంది ఏళ్ల తరబడి ఇదే డిమాండుతో రోడ్డెక్కుతున్నారు. ఉద్యోగ భద్రత కార్మిక హక్కు మాత్రమే కాదు, అది ఊరికి ముందస్తు హెచ్చరిక వ్యవస్థ.

1897ని ఒకసారి గుర్తు చేసుకుందాం. ఆ ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మార్చి 10న పూనా దగ్గర, ప్లేగు రోగులకి సేవ చేస్తూ అదే ప్లేగుతో సావిత్రిబాయి ఫూలే చనిపోయింది. జబ్బుపడిన దళిత బాలుణ్ణి వీపున మోసుకుని, కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశాలకి చేర్చిందని చెబుతారు. ఆ ఏడాది మనకి చట్టం, విజ్ఞానం, మనిషిని ముట్టుకునే ధైర్యం మూడూ కనిపించాయి. మొదటి రెండూ పాఠ్యపుస్తకాల్లోకి, ఆఫీసుల్లోకి వెళ్లాయి. మూడోదాన్ని సేవ అని పొగిడి పక్కన పెట్టాం. నిజానికి అది ప్రజారోగ్య పద్ధతి. రోగి ఎక్కడున్నాడో అక్కడికి వెళ్లడం, వాడలో అడుగుపెట్టడం.

మనలో చాలామంది ఇక్కడ సివిల్స్‌కి చదువుతున్నారు. రేపు మునిసిపల్ కమిషనర్లో, కలెక్టర్లో అవుతారు. డాక్టర్లూ, పరిశోధకులూ అవుతారు. అప్పుడు మీ ముందుకి ఇంటర్ డిపార్ట్‌మెంటల్ కో-ఆర్డినేషన్ అనే ఫైలు వస్తుంది. సంతకం పెట్టేముందు ఒకటి అడగండి. ఈ మీటింగ్‌కి ఆ వీధి ఊడ్చే మనిషిని పిలిచారా అని. పిలవకపోతే పిలిపించండి, రెండు నిమిషాలు ఆగి వినండి.

ఈలోగా మన పని మనం చేసుకుందాం. వెళ్లేటప్పుడు ఆ డ్రమ్ము ఖాళీ చేసి బోర్లించి వెళ్దాం. ఈ నెల్లో మన సందులో ఎవరికి జ్వరం వచ్చినా, ఓపీ చీటీ మీద బేర్ సరాయ్ అని రాయించేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు.

జై భీమ్.